గోటి నొక్కు

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కటింగమ్మ అంటారు. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఇరవై నాలుగేళ్ళుగా ఆమె పని ఒకటే. పొడవాటి బల్ల మీద నలభై పొరలు పరిచిన గుడ్డపై అట్ట నమూనాలు పేర్చి, గీత గీసి, కరెంటు కత్తితో కోయాలి. ఒక్క గీత వంకరపోతే నలభై చొక్కాలు వంకరపోయినట్టే. అయినా ఆ బల్ల దగ్గర ఆమెకు భయమంటే తెలియదు. బల్ల వదిలితే మాత్రం అంత పిరికి మనిషి ఆ వీధిలో ఇంకొకరు లేరు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఈవిడ లిఫ్టెక్కదు. ఐదో అంతస్తులో చుట్టాలుంటే మెట్లెక్కి పోయి, గుమ్మంలో రొప్పుతూ నిలబడుతుంది. కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఎవరో పోయారనుకుంటుంది. ఎవరూ పోలేదని తెలిశాక కూడా కాసేపు గుండె దడదడలాడుతూనే ఉంటుంది.

ఆమె చేతి అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తంటా అంతా దానితోనే వచ్చింది. తెల్ల గుడ్డ మీద తెల్ల సుద్ద కనబడదు, రంగు సుద్ద వేస్తే మరక పోదు. అందుకని ఆమె ఎడమ బొటనవేలి గోటితో గుడ్డను గట్టిగా నొక్కి గుర్తు పెట్టుకుంటుంది. చంక ఎక్కడ తిరగాలో అక్కడొక నొక్కు, మడత ఎక్కడ ఆగాలో అక్కడొక నొక్కు. తర్వాత ఇస్త్రీ పెట్టె తగిలితే ఆ గుర్తు మాయమైపోతుంది. ఇన్నేళ్ళలో ఆ వేలు ఆమెను అడగడం మానేసింది. కంటికి కావలసిన చోటు దొరికితే చాలు, వేలు దానంతటదే వెళ్ళి నొక్కి వస్తుంది.

మూడేళ్ళ కిందట ఫ్యాక్టరీలో శనివారాలు ఒంటిపూట చేశారు. అలాంటి ఒక శనివారం వాన పట్టుకుంటే తడవకుండా ఉందామని దారిలో ఉన్న చిత్రశాలలోకి దూరింది. పై హాల్లో ఒక పెద్దాయన మడతకుర్చీ వేసుకుని, గోడ మీది పెద్ద బొమ్మను చూసి కాగితం మీద వేసుకుంటున్నాడు. బొమ్మలో ఒకావిడ వెడల్పు చేతుల దుస్తులు వేసుకుని నిలబడి ఉంది. కటింగమ్మ ఆయన వెనకాల ఇరవై నిమిషాలు నిలబడింది. ఫోను మోగితేనే వణికే మనిషికి అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో గానీ, ఉండబట్టలేక నోరు తెరిచింది.

"ఏమండీ, ఆ చెయ్యి దగ్గర బట్ట అలా లాగదండీ. మీరేసినట్టు కుడితే చెయ్యి పైకెత్తగానే చంకలో పర్రున చిరిగిపోద్ది."

పెద్దాయన గోడ మీది బొమ్మను చూశాడు, తన కాగితాన్ని చూశాడు, చివరికి ఆమెను చూశాడు. ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలతో కూజాలూ ఏనుగులూ వేయించి, రిటైరయ్యాక తాను నేర్చుకోవడం మొదలుపెట్టిన మనిషి.

"నాలుగు వారాలుగా ఇక్కడేదో తప్పుందనుకుంటున్నా. అదేంటో తెలిసి చావట్లేదు," అన్నాడు. "కూర్చోమ్మా."

"నాకు బొమ్మలు రావండీ."

"చూపొచ్చింది కదా. చెయ్యి దాని వెనకాలే వస్తుందిలే."

అలా మొదలైంది. చిత్రశాల రెండో అంతస్తులో కాగితాల గది అని ఒకటుంది. పాతకాలపు గొప్ప చిత్రకారులు పెన్సిలుతో, సుద్దతో, సిరాతో వేసుకున్న బొమ్మలను అక్కడ అట్టపెట్టెల్లో దాస్తారు. అడిగినవాళ్ళకు ఒక్కొక్కటే తీసి, వాలు బల్ల మీద పెట్టి, చూసి వేసుకోనిస్తారు. ఆ గదిలోకి వెళ్ళాలంటే కార్డు కావాలి, కార్డుకు ఒకరి పూచీ కావాలి. మాస్టారు పూచీ సంతకం పెట్టాడు. గదిని చూసుకునే మేడమ్ ఆమెను ఎదురుగా నిలబెట్టి నియమాలు చెప్పింది. చేతులు కడుక్కోవాలి. పెన్సిలు తప్ప పెన్ను తేకూడదు. కాగితాన్ని తాకకూడదు. కటింగమ్మ ప్రతి నియమానికీ రెండేసి సార్లు తలూపింది.

మాస్టారు ఆమెకు మొదట ఇచ్చినది ఒకే బొమ్మ, ఆర్నెల్లపాటు అదే. మూడు వందల ఏళ్ళ కిందట ఎవరో మహానుభావుడు ఎర్ర సుద్దతో వేసిన ముసలావిడ. కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని నిద్రపోతుంటుంది. మాస్టారి పద్ధతి ప్రకారం ముందు పావుగంట పెన్సిలు ముట్టకూడదు, చూడాలి. తర్వాత చెయ్యి బారచాచి, పెన్సిలు నిలువుగా పట్టి, ఒక కన్ను మూసి, తలకు ఎన్ని రెట్లు ఒళ్ళుందో కొలవాలి. ఆ తర్వాత కూడా మనిషిని వేయకూడదు. కుర్చీ కాలికీ బట్ట అంచుకూ మధ్య ఉన్న ఖాళీని వేయాలి, మోచేతికీ నడుముకూ మధ్య ఉన్న ఖాళీని వేయాలి. ఖాళీలన్నీ కుదిరితే మనిషి తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. ఇంటికెళ్ళాక అసలు బొమ్మను చూడకుండా గుర్తున్నంత మేరకు వేయాలి. మరుసటి వారం దాన్ని అసలు బొమ్మ పక్కన పెట్టుకుని, తన బుర్ర ఎక్కడెక్కడ అబద్ధమాడిందో తనే దిద్దుకోవాలి. మొదటి నెలల్లో ఆమె వేసిన ముసలావిడ నిద్రపోతున్నట్టు ఉండేది కాదు, కుర్చీలోంచి జారిపోతున్నట్టు ఉండేది. భర్త చూసి, "పాపం, ఎవరైనా పట్టుకోండర్రా ఆవిణ్ణి," అన్నాడు.

ముసలావిడ పాదం దగ్గర రెండు గీతలున్నాయి. చిత్రకారుడు మొదట వేసిన గీత నచ్చక, దాన్ని చెరపకుండా పక్కనే ఇంకొకటి వేశాడు. మాస్టారు పెన్సిలు మొనతో గాల్లోనే ఆ చోటు చూపించేవాడు. "చూశావా, ఈయన కూడా ఇక్కడ తడబడ్డాడు. ఈ బొమ్మంతట్లో నాకిష్టమైన చోటిదే."

మూడేళ్ళలో ఆమె చేతికి కొంత నిజం చెప్పడం వచ్చింది. ఇంకా ముఖ్యమైన సంగతేమిటంటే, ఆ గదిలో ఉన్న నాలుగు గంటలూ ఆమెకు దేనికీ భయం వేసేది కాదు. ఫ్యాక్టరీ బల్ల తర్వాత ప్రపంచంలో ఆమెకు అలాంటి చోటు అదొక్కటే. ఇటు చూస్తే నిరుటి నుంచి మాస్టారి కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని వేసేవాడు. "చెయ్యి వణికితే వణకనీ, గీత వణక్కుండా ఉంటే చాలు," అనేవాడు. గీత నిజంగానే వణికేది కాదు.

ఆ శనివారం చాన్నాళ్ళ తర్వాత మళ్ళీ ముసలావిడ బొమ్మే అడిగి తీయించుకున్నారు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. మధ్యమధ్యలో మాస్టారు వాలు బల్లను కాస్త తన వైపు తిప్పుకుంటున్నాడు. కటింగమ్మ ముసలావిడ మోచేతి దగ్గర బట్ట మడతను చూస్తోంది. మూడేళ్ళుగా ఆ మడత ఆమెకు లొంగలేదు. మోచేతి దగ్గర ఆగిపోయినట్టు వేస్తే బట్ట బిర్రుగా అయిపోయేది. ఆ రోజు ఉన్నట్టుండి కళ్ళకు తట్టింది. మడత ఆగడం లేదు, రెండో మడత కిందికి దూరి అవతల తేలుతోంది. కుట్టుపని తెలిసిన మనిషికి ఇన్నాళ్ళూ ఎలా కనబడలేదో! ఇదిగో, ఇక్కడ దూరుతోంది అనుకుంది. ఆ సంతోషంలో ఎడమ బొటనవేలు వెళ్ళి ఆ చోటును గట్టిగా నొక్కి వచ్చింది.

నొక్కిన మరుక్షణం తెలిసింది. మోచేతికి కాస్త పైన నెలవంకలాంటి గంటు పడింది. దాని అంచున ఎర్ర సుద్ద పొడిపొడిగా రాలింది. గుడ్డయితే ఇస్త్రీ ఉంది. కాగితానికి ఏముంది?

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. మేడమ్ వీపు తిప్పి ఫోన్లో మాట్లాడుతోంది. మాస్టారు తల వంచుకుని తన కాగితం మీద ఏదో తుడుచుకుంటున్నాడు. ఎవరూ చూడలేదు. నోరు తెరిచి చెప్పడానికి ఒక్క నిమిషం ఉంది. ఆ నిమిషం గోరును పిడికిట్లో దాచుకోవడంలోనే గడిచిపోయింది. రెండో నిమిషంలో చెబితే, మొదటి నిమిషం ఎందుకు చెప్పలేదంటారేమో అనిపించింది. అలా అరగంట గడిచింది, గంట గడిచింది. ఐదింటికి మేడమ్ బొమ్మను పైపైన చూసి, పెట్టెలో పెట్టి మూత వేసింది.

ఆ వారం ఆమె తేలు కుట్టిన దొంగలా తిరిగింది. ఎప్పుడూ భయపడని కోత బల్ల దగ్గరే చేతులు ఆడలేదు. గోరు చూస్తేనే కంపరం పుట్టి, చిన్న కత్తెరతో కండ దాకా కత్తిరించేసుకుంది. రక్తం వచ్చింది. వేలికి గుడ్డ చుట్టుకుని వస్తే సూపర్‌వైజర్, "ఏంటి కటింగమ్మా, ఈసారి చొక్కాకి బదులు వేలు కోశావా?" అని నవ్వాడు. ఆమెకు ఏడుపొచ్చింది. మూడు వందల ఏళ్ళు నిప్పుకూ నీళ్ళకూ పురుగులకూ చిక్కకుండా బతికొచ్చిన కాగితం, చివరికి చొక్కాలు కోసే దాని గోటికి చిక్కింది. పోలీసులొస్తారా? పేపర్లో వేస్తారా? కార్డు పీకేస్తారు, అది మాత్రం ఖాయం. పూచీ పడ్డ మాస్టారి ముఖం ఎలా చూడాలి?

నాలుగో రోజు పొద్దున భర్త చెప్పులేసుకుంటూ ఆగాడు. "ఏమే, ఏమైంది నీకు? నిన్నట్నించీ రెండుసార్లు ఉప్పేశావు కూరలో."

ఏడుస్తూ చెప్పింది. ఆయన అంతా విని, "ఓస్, ఇంతేనా," అన్నాడు. "వెళ్ళి చెప్పెయ్యి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకు."

"మీకేం, తాడు తెగి లిఫ్టు పడితేనే మీ దృష్టిలో ప్రమాదం. కాగితానికైతే ఏమవుద్దిలే అనుకుంటారు."

"కాగితానికి కాదే, నీకేమవుద్దోనని నా భయం," అన్నాడాయన. పనికి ఆలస్యమవుతున్నా కాసేపు పక్కన కూర్చుని వెళ్ళాడు.

శనివారం కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది. చెప్పేద్దామనే వెళ్ళింది. కానీ అప్పటికే బల్ల మీద ముసలావిడ బొమ్మ ఉంది, దాని పక్కనుంచి ఏటవాలుగా ఒక దీపం వెలుగుతోంది. ఆ వెలుగులో గోటి నొక్కు నల్లటి నీడతో ఎంతో పెద్దదిగా కనబడుతోంది. మేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది. మాస్టారు ముందే వచ్చి కూర్చున్నాడు.

"ఇది సోమవారం చూశాను," అంది మేడమ్. అరవలేదు, అరిస్తే బాగుండుననిపించింది. "లోపల పెట్టేటప్పుడు ఇలా దీపం పెట్టి చూడాలి. తొందర్లో చూళ్ళేదు, అది నా తప్పు. నా పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి. ఆ రోజు ఈ బల్ల దగ్గరున్నది మీరిద్దరే. ఎవరిది?"

మాస్టారు భూతద్దం తీసి బొమ్మ మీదికి వంగాడు. చాలాసేపు లేవలేదు. ఒళ్ళో పెట్టుకున్న కుడిచెయ్యి వణుకుతోంది. మేడమ్ కళ్ళు ఆ చేతి మీదికి వెళ్ళి, మర్యాదగా పక్కకు తప్పుకున్నాయి. కటింగమ్మ అది చూసింది.

'నేనే' అన్న రెండక్షరాలు పళ్ళ దాకా వచ్చాయి. నోరు తెరిస్తే వేరే మాట బయటపడింది.

"నాకు తెలీదు మేడమ్."

"నాకూ తెలీలేదమ్మా," అన్నాడు మాస్టారు మెల్లగా, బొమ్మ మీంచి తలెత్తకుండానే.

మేడమ్ రెండు వారాలు గడువిచ్చింది. అంతదాకా ఆ బల్ల దగ్గరికి ఏ బొమ్మా రాదంది. కిందికి దిగేటప్పుడు మాస్టారు ఆమెతో ఏమీ మాట్లాడలేదు. మెట్ల కమ్మీని రెండు చేతులతో పట్టుకుని దిగాడు. ఆయనకు తెలిసిపోయిందని ఆమెకు అనిపించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటారే, ఆ రెండు వారాలూ ఆమెది అదే పని. ఎవరు పిలిచినా ఉలిక్కిపడింది, ఎవరూ పిలవకపోయినా ఉలిక్కిపడింది.

గడువు రోజున కార్డు చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. ఇచ్చేసి, చెప్పేసి, ఏం చేస్తే అది చేయించుకుందామని నిశ్చయం. ఆమె నోరు తెరవకముందే మేడమ్ లేచి ఎదురొచ్చింది.

"రండి, రండి. మీరింక కంగారు పడక్కర్లేదు. తేలిపోయింది. మంగళవారం మాస్టారే వచ్చి తనే చేశానని రాసిచ్చారు. కార్డు కూడా ఇచ్చేశారు. పాపం, చెయ్యి అలా అయ్యాక మేమే మెల్లగా ఆపాల్సింది. లోపలికి రండి, ఇంకో బొమ్మ తీయిస్తాను."

ముందు ఆమెకు కలిగింది ఊరట. సిగ్గులేని ఊరట, ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ తేలికలోనే వెళ్ళి కూర్చుంది, మేడమ్ తీసిచ్చిన కొత్త బొమ్మను చూసింది, పెన్సిలు కూడా పట్టింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. పావుగంటకు ఆమెకు అర్థమైంది: తన కోసమే చేశాడాయన. పూచీ పడ్డవాడు కాబట్టి నింద నెత్తిన వేసుకున్నాడు. అంత మంచితనం ముందు తానెంత చిన్నదో తలుచుకుంటే తల తిరిగింది. పెన్సిలు సంచిలో వేసుకుని, మేడమ్‌కు ఏదో సాకు చెప్పి, మాస్టారి ఇంటికి వెళ్ళింది.

తలుపు ఆయన కోడలు తీసింది. చంకలో ఏడాది నిండని పాప ఉంది. "రండక్కా. మీరైనా కాస్త చెప్పండి మామయ్యగారికి. పెన్సిలు ముట్టడం లేదు. దీన్ని ఎత్తుకోవడం కూడా మానేశారు. ఇదేమో ఆయన్ని చూసి చేతులు చాస్తుంది, ఆయనేమో గోడవైపు తిరుగుతారు."

మాస్టారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పెన్సిళ్ళ రేకు పెట్టెకు తాడు కట్టి ఉంది. ఆమెను చూసి నవ్వబోయాడు.

"నేనే కబురు చేద్దామనుకున్నా. ఈ పెన్సిళ్ళు నువ్వు తీసుకెళ్ళు. మంచివి, దొరకవు," అంటూ పెట్టెను ఆమె చేతిలో పెట్టాడు.

"మాస్టారూ, మీరెందుకలా రాసిచ్చారు?"

"చేసినవాణ్ణి చేశానని రాశా. ఇంకేం రాయమంటావు?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. మూడేళ్ళుగా చూడడం నేర్పించినవాడి ముఖం. అందులో దాపరికం లేదు, త్యాగం లేదు. ఉన్నది భయం. ఆ భయం ఆమెకు బాగా తెలిసినదే.

"నాకేమీ గుర్తులేదు, అదే నన్ను చంపుతోంది," అన్నాడు. "బల్ల నా వైపు తిప్పుకున్నా కదా, అప్పుడు తగిలుంటుంది. నాకు తెలీకుండానే ఈ చెయ్యి ఆ బొమ్మని పొడిచింది. డెబ్భై మూడేళ్ళు నాతో ఉన్న చెయ్యి! రేపు ఇంకేం చేస్తుందో? వేడి గ్లాసు పట్టుకుని పాప పక్కనుంచి నడవాలంటే చెమటలు పడుతున్నాయి నాకు."

కాబట్టి ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు. భర్త ఒక్కడికి తెలుసు, ఆయన చెప్పే మనిషి కాదు. ఈ రేకు పెట్టె తీసుకుని ఇంటికి పోతే చాలు. కార్డు ఉంటుంది, శనివారాలు ఉంటాయి, ముసలావిడ ఉంటుంది. పోలీసులకంటే, పేపర్లకంటే, మేడమ్ దీపంకంటే ఎక్కువ భయం ఆ క్షణాన వేసింది. చెబితే ఈ ముఖం ఎలా మారుతుందో చూడాలి, తానే చూడాలి.

"మీరు కాదు మాస్టారూ," అంది. "నేను. నా గోరు. గుడ్డ మీద పెట్టినట్టు గుర్తు పెట్టేశాను."

ఆయన అర్థం కానట్టు చూశాడు. ఆమె తలగడ గలేబు మీద ఎడమ బొటనవేలు నొక్కి చూపించింది. గోరు ఇంకా సరిగ్గా పెరగలేదు, గుర్తు సగమే పడింది. ఆయన ఆ సగం గుర్తును చాలాసేపు చూశాడు.

"మళ్ళీ చెప్పు."

"నేనే చేశాను మాస్టారూ."

"నొక్కుతుండగా చూశావా? నీ కళ్ళతో?"

"చూశాను."

"అంటే ఈ మూడు వారాలూ నీకు తెలుసు."

"తెలుసు."

ఆయన ముఖం ఎర్రబడింది. ఇలాంటి కోపం ఆయనలో ఆమె ఎన్నడూ చూడలేదు.

"మేడమ్ ఐదు దాకా ఉంటారు," అంది. "ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను. మీ కార్డు మీకు..."

"వెళ్ళు."

"మాస్టారూ..."

"వెళ్ళమన్నానా! నాతో ఇప్పుడేం మాట్లాడకు. ఆ పెట్టె కూడా అక్కడే పెట్టి వెళ్ళు."

ఆమె పెట్టె మంచం మీద పెట్టి బయటికొచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వేళ్ళు పట్టీలో దూరడం లేదు. లోపలి నుంచి ఆయన గొంతు వినబడింది.

"అమ్మాయ్, పాపని ఇలా ఇవ్వు."

"మామయ్యగారూ, మీ చెయ్యి..."

"చేతికేం కాలేదమ్మా. వణుకుతుంది, అంతే. ఇవ్వు."

కటింగమ్మ మెట్లు దిగింది. కమ్మీ పట్టుకునే దిగింది. ఐదింటికి ఇంకా నలభై నిమిషాలుంది, నడిస్తే పావుగంట దారి. ఎక్కడా ఆగకుండా నడిచింది.